నీటి లెక్క తేల్చేవాళ్లు

కనిగిరి దగ్గరి హనుమంతునిపాడు వైపు బోరునీళ్లను నాలుకతో నమ్మలేం. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. పళ్లకు గార పట్టేదాకా, కీళ్లు బిగిసేదాకా బయటపడదు. ఆ ఎముకల జబ్బును 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం లోకానికి వివరించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. ఈ కనిగిరి ప్రాంతం నాడు ఆ జిల్లాలోదే.

అందుకే నీటి పరీక్ష చేసేవాళ్లంటే నాకు గౌరవం. నమూనా ప్లాస్టిక్ సీసాలోనే పడతారు, గాజుతో ఫ్లోరైడుకు పడదు గనుక. ఎర్రటి స్పాడ్న్స్ ద్రావణం కలిపితే, ఫ్లోరైడు ఉన్నకొద్దీ ఎరుపు వెలుస్తుంది. ఎంత వెలిసిందో యంత్రంతో కొలుస్తారు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా. ఆ అంకెతోనే బోరు తాగడానికా, వాడకానికా తేలుతుంది. ఇంత బాధ్యత మోసే ఉద్యోగాలు మండలంలో ఎన్నున్నాయి? అదీ ఒక్కసారితో అయిపోదు, వానలకు ముందూ తర్వాతా మళ్లీ సీసా పట్టాల్సిందే.