అరచేతిని గుచ్చే మర

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లలో కొందరికి కుడి అరచేతి అంచున, చిటికెన వేలి దిగువన ఉండే మెత్తటి కండ మీద సన్నటి గీతలు, ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. మోగుతున్న తీగల నాదాన్ని అణచడానికి ఆ అంచును తీగలను మోసే లోహపు బ్రిడ్జి మీద ఆనించి వాయిస్తారు. పామ్ మ్యూట్ అంటారు దాన్ని. పాట సాగినంతసేపూ చర్మం లోహానికి రాసుకుంటూనే ఉంటుంది. బ్రిడ్జి పాతబడిందంటే ఆ రాపిడి చేతి మీద గుర్తులు మిగిల్చిపోతుంది.

ఫెండర్ స్ట్రాటోకాస్టర్ బ్రిడ్జినే తీసుకుందాం. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1954లో ఈ గిటార్ తెచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఆ లోటే ఆయనకు కలిసొచ్చిందని నాకనిపిస్తుంది. వాయించేవాళ్లు ఎక్కడ నొప్పి అంటే అక్కడ చూసేవాడు. అంతకుముందరి టెలికాస్టర్ అంచులు పక్కటెముకలకు ఒత్తుకుంటున్నాయని వాళ్లు చెబితే, స్ట్రాటోకాస్టర్‌కు ఒళ్లు తగిలేచోట, ముంజేయి ఆనేచోట చెక్కను ఒంపుగా చెక్కించాడు. బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను సాడిల్ అంటారు. టెలికాస్టర్‌లో రెండేసి తీగలకు ఒక సాడిల్ ఉండేది. స్ట్రాటోకాస్టర్‌లో ఒక్కో తీగకూ ఒకటి వచ్చింది.

ఆ సాడిల్ ఉక్కు రేకును వంచి చేసిన చిన్న ముక్క. దాని వెనక నుంచి స్ప్రింగు తొడిగిన పొడవాటి మర వస్తుంది. దాన్ని తిప్పితే సాడిల్ ముందుకో వెనక్కో జరిగి, తీగ మోగే పొడవు మారుతుంది. మెడ మీది లోహపు కమ్మీలైన ఫ్రెట్లలో పైవాటి దాకా శ్రుతి కుదిరేది దీనివల్లే. సాడిల్ పైభాగంలోంచి కిందికి తల లేని చిన్న మరలు రెండు దిగుతాయి. అవి కింది పలక మీద ఆనుకుని సాడిల్‌ను మోస్తాయి. మర పైకొసలో తవ్విన ఆరు పలకల గుంటలో సన్నటి అలెన్ కీ పెట్టి తిప్పితే సాడిల్ లేస్తుంది, దిగుతుంది. ఆరు సాడిళ్లకు ఇలాంటి మరలు 12. పాత స్ట్రాటోకాస్టర్ల మెడ మీద వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు చదునుగా ఉండదు, 7.25 అంగుళాల వ్యాసార్ధంతో ఒంపు తిరిగి ఉంటుంది. తీగలన్నీ ఆ ఒంపునే అనుసరించాలి గనుక నడిమి సాడిళ్లు ఎత్తుగా, అంచు సాడిళ్లు దిగువగా నిలుస్తాయి.

చిక్కంతా ఇక్కడే. మర పొడవు మారదు, కింద పలక ఉంది. సాడిల్‌ను దించేకొద్దీ మర కొస, పట్టె దాటి పైకొచ్చిన మంచం కోడులా, బయటికి పొడుచుకొస్తుంది. అన్నిటికంటే ఎక్కువ దిగేవి అంచు సాడిళ్లు. అందులో లావు తీగ వైపు సాడిల్ దగ్గరే అరచేయి ఆనుతుంది.

కొత్తలో ఆ కొస నున్నగానే ఉంటుంది. చెమటలోని ఉప్పు నికెల్ పూతను తింటుంది, పూత పోయినచోట ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పుతో బిగుసుకున్న మరను అరిగిన కీతో బలవంతాన తిప్పితే గుంట అంచులు చెదిరి పదునెక్కుతాయి. చర్మం గీసుకుపోయేది ఈ పదునుకే. నికెల్ పడనివాళ్లకు గీత లేకపోయినా దద్దురు రావచ్చు. క్రోమ్ పూత ఉంటే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. దాని కింద మామూలుగా ఉండేది నికెల్ పొరే, క్రోమ్ అరిగితే అదే బయటపడుతుంది.

లియో బ్రిడ్జి మీద మూయడానికి లోహపు మూత ఇచ్చాడు. పామ్ మ్యూట్‌కు అడ్డమని వాయించేవాళ్లు దాన్ని పీకి పక్కన పెట్టేశారు. 

మరి మందేమిటి? చాలామంది చేసేది, పైకొచ్చిన కొసను ఆకురాయితో అరగదీయడం. దానివల్ల గుంట లోతు తగ్గి కీ పట్టు పోతుంది. అంచు సాడిళ్లకు పొట్టి మరలు వేయడం అంతకంటే మేలు. అయితే ఆరు సాడిళ్లూ కిందికంటా దిగి ఉంటే మంచి పనివాడు బ్రిడ్జిని వదిలేసి మెడ అతుకు చూస్తాడు. మెడ వాలు చాలకపోతే తీగలు ఫ్రెట్లకు ఎత్తయిపోతాయి. ఆ ఎత్తు తగ్గించాలనే సాడిళ్లను అంతగా దించేసి ఉంటారు. మెడను నాలుగు మరలతో పట్టి ఉంచే గూడులో, బ్రిడ్జి వైపు కొసన, అర మిల్లీమీటరు మందం చెక్క పొర ఒకటి పెడితే మెడ కాస్త వెనక్కి వాలుతుంది. ఆ అర మిల్లీమీటరు సాడిళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక మిల్లీమీటరు పైనే అవుతుంది. సాడిళ్లు అంత మేర లేవక తప్పదు, పొడుచుకొచ్చిన మరలు లోపలికి పోకా తప్పదు. 1970ల మొదట్లో ఫెండర్ ఈ వాలును మెడ విప్పకుండానే కీతో సర్దే ఏర్పాటు చేసింది.

కుడి చేతికి గుచ్చుకునేది ఇంకొకటి ఉంది. తీగల శ్రుతిని ఊగించడానికి బ్రిడ్జికి బిగించే ట్రెమొలో కడ్డీకి చివర ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది ఊడితే కొత్తది వేసేదాకా వాయించకుండా ఆగడం మంచిది. 1989లో అమెరికాలోని టకోమాలో రాక్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ చేయి గిరగిరా తిప్పుతూ తీగలు కొడుతుంటే ఈ కడ్డీ కుడి చేతిలో దిగబడింది. అందులో అరుగుదల తప్పు ఉందనలేం, ఆ ఊపు అలాంటిది.

ఎడమ చేతికి వేరే బెడద. పొడిగాలికి మెడ చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది; లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు. వాటి కొసలు పక్కలనుంచి బయటికొచ్చి చేయి జారినప్పుడల్లా గీస్తాయి. సన్నటి ఆకురాయితో ఆ కొసలను ఏటవాలుగా అరగదీసి, అంచు గుండ్రం చేస్తే సరిపోతుంది.

తీగ మార్చేటప్పుడు వేళ్లకు గుచ్చుకునేది కత్తిరించిన తీగ కొస. పాత ఫెండర్లకు వాడిన క్లూసన్ బిరడలను ఇందుకే చూడాలి. బిరడ కడ్డీ తల నిలువునా చీలి ఉంటుంది, చీలిక నడుమ లోతైన రంధ్రం. తీగను ముందే కొలిచి కత్తిరించి, కొసను ఆ రంధ్రంలోకి నిలువుగా దించి, చీలికలోంచి పక్కకు వంచి చుట్టాలి. ముందే కత్తిరించాలి కాబట్టి కొలత తప్పితే చుట్లు చాలవు, తీగ దండగ. కుదిరిందా, పదునైన కొస కడ్డీ కడుపులోనే ఉండిపోతుంది.