ఊట మీద సరంగు

అమెరికాలోని ఫ్లోరిడాలో సిల్వర్ నది సున్నపురాతి పగుళ్లలోంచి ఊటగా పుడుతుంది. నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీల సెల్సియసే. సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఆ చోటికి వెళ్లినవాళ్లు నీటి తేటదనాన్ని తనివితీరా పొగుడుతారు. నా మనసు మాత్రం అడుగున అద్దం బిగించిన పడవలు నడిపే సరంగుల మీదికి పోయింది.

1870ల నుంచీ ఇక్కడ ఈ పడవలున్నాయి. ఇప్పటివి కరెంటు మోటారువి, చప్పుడుండదు. ఊట నోటికి సరిగ్గా పైన పడవను నిలపడం చిన్న పని కాదు. కింది నీరు తోస్తుంది, పైన గాలి లాగుతుంది. సరంగు ఒక చేత్తో చుక్కాని సర్దుతూనే, అద్దం కింద మెరిసిన చేపనో తాబేలునో అది దాటిపోకముందే పేరుపెట్టి చూపిస్తాడు. ఎంత నేర్పు!

ఈ విద్యకు వన్నె తెచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు. వర్ణవివక్ష రోజుల్లో వాళ్లు తెల్లవారిని పడవల్లో తిప్పేవారు, కానీ వాళ్ల సొంత పిల్లలకు ఆ ఒడ్డున చోటుండేది కాదు. 1949లో కాస్త దిగువన నల్లజాతివారి కోసం ప్యారడైజ్ పార్క్ తెరిచారు. 1969లో మూసేదాకా సరంగులు తమ వాళ్లను అక్కడే పడవెక్కించుకుని, అదే ఊటను అంతే ఓపికగా చూపించారు.