మూలలో బిగించే రెప్ప

వయసు మీదపడి కింది రెప్ప సడలి బయటికి తిరగబడితే కంటి డాక్టర్లు దాన్ని ఎక్ట్రోపియాన్ అంటారు. లోపలుండాల్సిన ఎర్రటి పొర గాలికి ఆరిపోయి కన్ను గరగరలాడుతుంది. ముక్కు వైపు రెప్ప అంచున సూదిమొనంత రంధ్రం ఉంటుంది, కన్నీరు ముక్కులోకి దిగే దారి అది. రెప్ప తిరగబడగానే ఆ రంధ్రం కంటిని వదిలేస్తుంది, నీరు చెంప మీదికి కారుతుంది. మనిషి కిందికి తుడుచుకుంటూ పోతాడు, రెప్ప ఇంకా సాగుతుంది.

రెప్ప పొడుగైంది కదా అని మధ్యలో ముక్క కోసి అంచులు కలిపి కుట్టడం పాత పద్ధతి. 1979లో అమెరికాలో ఆండర్సన్, గోర్డీ ప్రచురించిన ‘టార్సల్ స్ట్రిప్’ పద్ధతి వేరే దారి పట్టింది. రెప్పను నిలబెట్టే టార్సస్ అనే గట్టి పలక కన్నా, దాన్ని బయటి మూలలో ఎముకకు కట్టి ఉంచే బంధమే ఎక్కువగా సడలుతుంది. నులక మంచం కుంగితే అల్లిక మధ్యలో కోస్తామా? కాళ్ళవైపు తాడు బిగిస్తాం.

అసలు నేర్పు ఆ బిగింపులోనే ఉంది. మూల దగ్గర సడలిన బంధాన్ని తెంపి, ముందున్న చర్మాన్నీ కండరాన్నీ వేరుచేసి, టార్సస్ చివరను చిన్న పట్టీలా మిగులుస్తారు. దాని మీది పలుచటి పొరను గీకేస్తారు. అది లోపల ఉండిపోతే తర్వాత నీటితిత్తి కట్టవచ్చు. ఇక పట్టీని ఎక్కడ కుట్టాలి? ఎముక అంచు మీద కుడితే రెప్ప ముందుకు తేలి కంటికీ దానికీ సందు మిగులుతుంది. అందుకే అంచు దాటి, ఎముక లోపలి ముఖాన్ని కప్పిన పొరకు సూది వేస్తారు. గుండ్రటి కనుగుడ్డును రెప్ప చుట్టుకుని ఆనేది అప్పుడే. ఈ ఒక్క కుట్టులోనే సర్జన్ పనితనం తెలిసిపోతుందని నా అభిప్రాయం. ఉబ్బుకళ్ళవారికి అతిగా బిగిస్తే రెప్ప గుడ్డు కిందికి జారిపోతుంది కూడా. మత్తు ఆ చోటికే ఇస్తే సరిపోతుంది, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు.

కాలిన మచ్చ చర్మాన్ని కిందికి లాగుతుంటే మాత్రం ఒక్క బిగింపు చాలదు. పై రెప్ప నుంచో చెవి వెనక నుంచో చర్మం తెచ్చి అతకాలి. ముఖపక్షవాతం వల్ల రెప్ప తిరగబడి, అది కోలుకునేలా ఉంటే చుక్కలు, ఆయింట్‌మెంట్, రాత్రి టేపుతో కొన్నాళ్ళు ఆగుతారు.

ఇంట్లో పెద్దల కంట నీరు ఆగకపోతే వయసని వదిలేయకండి. కింది రెప్ప కంటికి ఆనుకుని ఉందో లేదో వెలుతురులో చూసి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.