మంచం పట్టాక చూసేదెవరు?

రాయ్‌పూర్ వ్యాగన్ రిపేర్ షాపులోనో, పక్కనే భిలాయి ఉక్కు కర్మాగారంలోనో జీవితమంతా పనిచేసి రిటైరైన తెలుగు దంపతులకు పిల్లలు ఫోనులో చెప్పే మాట ఇప్పుడు ఒకటే: "నాన్నా, ఆ ఇల్లు అమ్మేసి సీనియర్ లివింగ్‌లో చేరిపోండి. అన్నీ వాళ్లే చూసుకుంటారు." చెప్పే పిల్లల ప్రేమను శంకించను. కానీ మంచం పట్టిన రోజున ఎవరు, ఏ ఖర్చుతో చూస్తారో ఒప్పందంలో రాసి ఉందా లేదా అన్నది చదవకుండా ఇల్లు అమ్మకూడదు. అందుకే సీనియర్ లివింగ్‌లో అమెరికా ఒప్పందాన్నీ, మన దేశపు ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

అమెరికా పద్ధతికి పేరున్న తొలి నమూనాల్లో ఒకటి ఫౌల్క్‌వేస్. పెన్సిల్వేనియాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు 1967లో దాన్ని ప్రారంభించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు సొంత వాటాలో ఉంటారు. స్నానానికి, మందులకు సాయం కావలసి వస్తే అదే ఆవరణలో మరో విభాగానికి, మంచం పడితే నర్సింగ్ విభాగానికి మారతారు. ఇలాంటి చోట్ల చేరేటప్పుడు పెద్ద మొత్తం కట్టాలి, ఆపైన నెలనెలా రుసుము. పూర్తి జీవితకాల ఒప్పందం తీసుకున్నవారికి నర్సింగ్ విభాగానికి మారినా నెలసరి రుసుము పెద్దగా పెరగదు. లోపల ఉన్నది బీమా లెక్క: ఆరోగ్యవంతులు కట్టేది మంచం పట్టినవారి ఖర్చుకు అక్కరకొస్తుంది. అందుకే చేరే ముందు వైద్య పరీక్ష ఉంటుంది, అప్పటికే జబ్బు ముదిరినవారికి ఆ ఒప్పందం దొరకదు. తక్కువ మొత్తంతో చేరే ఒప్పందాలూ ఉన్నాయి, వాటిలో సేవ పెరిగిన కొద్దీ బిల్లు పెరుగుతుంది.

మన దేశంలో ఈ రంగాన్ని ఎక్కువగా నడిపిస్తున్నది ఇళ్లు కట్టే కంపెనీలు. ఫ్లాటు మన పేర రిజిస్టరవుతుంది, మన తర్వాత పిల్లలకు వస్తుంది. అమెరికాలో సాధారణంగా ఆస్తి హక్కు రాదు, నివాస హక్కే వస్తుంది. కట్టిన మొత్తంలో ఎంత తిరిగొస్తుందో ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అంటే అక్కడ డబ్బు పోసి సంరక్షణ కొంటారు, ఇల్లు మిగలదు. ఇక్కడ ఇల్లు కొంటాం, సంరక్షణకు హామీ ఉండదు. భోజనశాల, యోగా, గుడి, అంబులెన్సు అన్నీ కరపత్రంలో కనిపిస్తాయి. నిరంతర నర్సింగ్ అవసరమైనప్పుడు మాత్రం చాలాచోట్ల అటెండెంటును మనమే పెట్టుకోవాలి, లేదా మరో కేంద్రానికి వెళ్లాలి. భివాడీలో ఆషియానా సంస్థ చేసినట్టు ఫ్లాట్లకు తోడు సంరక్షణ గృహాన్ని కూడా నడిపే ఏర్పాటు ఇంకా అన్నిచోట్లా లేదు.

అమెరికా హామీని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో హార్బర్‌సైడ్ అనే ఇలాంటి కేంద్రం 2014, 2021, 2023లలో మూడుసార్లు దివాలా పిటిషన్ వేసింది. హామీ ఎంత గట్టిదైనా దాని వెనకున్న ఖాతాలంతే గట్టిది. మన దగ్గర కంపెనీ చేతులెత్తేస్తే ఫ్లాటు మిగులుతుంది, కానీ వంటగది మూతపడుతుంది, నర్సు వెళ్లిపోతుంది. ఎనభై ఏళ్ల మనిషికి అప్పుడు ఆ ఫ్లాటు దేనికి? కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు బిల్డరు, సేవలందించే సంస్థ, కొనుగోలుదారు ముగ్గురూ సంతకం చేసే ఒప్పందం ఉండాలన్నాయి. మహారాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) 2024లో ఈ ఇళ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మీరు ఎక్కడ కొన్నా ఆ సేవలందించే సంస్థ సంతకం కోసం పట్టుబట్టండి.

ఇక రాయ్‌పూర్‌లోనే ఉండిపోతే? 2012లో మొదలైన ఎయిమ్స్ ఊళ్లోనే ఉంది. రైల్వే పెన్షనరుకు వైద్యానికి ఉమీద్ కార్డు ఉంది. 70 నిండినవారికి ఆయుష్మాన్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల ఆసుపత్రి వైద్యం ఉంది. కేంద్ర పెన్షనరుకు 80 నిండితే మూల పెన్షన్‌పై 20 శాతం అదనంగా వస్తుంది. ఇవన్నీ ఆసుపత్రి గుమ్మం దాకా గొప్ప అండ. డిశ్చార్జ్ అయ్యాక ఆరు నెలలపాటు రెండు గంటలకోసారి పక్క మార్చడం, గొట్టంతో జావ పోయడం, డైపర్ మార్చడం వీటిలో దేని కిందకూ రావు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి చెప్పింది, అది నిరుపేదలకు. పెన్షన్ ఉన్న మధ్యతరగతి మనిషి అక్కడికి చెందడు. ఖరీదైన ఫ్లాటు కొనే స్తోమతా ఉండదు. అసలు అన్యాయం జరుగుతున్నది ఇక్కడే.

భాషను కూడా లెక్కలో వేయాలి. మతిమరుపు ముదిరిన చాలామందిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. యాభై ఏళ్లు హిందీలో ఆఫీసు నడిపిన మనిషి చివరికి "దాహం" అంటే, ఛత్తీస్‌గఢీ తప్ప రాని అటెండెంటుకు అర్థం కాదు. ఆ ఒక్క కారణంతో హైదరాబాదు, విశాఖ వైపు మొగ్గేవారిని నేను తప్పుపట్టను. అక్కడ పప్పు, చారు, మాట మనవి. అయితే కాలనీ స్నేహితులు ఉండరు. దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా విశాఖకు 2024 సెప్టెంబరు నుంచి వందేభారత్ నడుస్తోంది. చూసి రావడం ఇప్పుడు తేలిక.

చూడ్డానికి వెళ్తే క్లబ్‌హౌస్ ముందు నిలబడి ఫొటోలు దిగి రాకండి. నర్సింగ్ విభాగం చూపించమనండి, రాత్రి తొమ్మిది తర్వాత చూపించమనండి. ఎన్ని మంచాలకు ఎంతమంది మనుషులున్నారో లెక్కపెట్టండి. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా? బాత్రూమ్ తలుపులోంచి చక్రాల కుర్చీ దూరుతుందా? పడకపుండ్లు పడినవారు ఎంతమందని అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కున్న చోట చేరవద్దు.

నా తీర్పు ఇది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి, మంచం పట్టాక కూడా అదే ఆవరణలో చూస్తామని, ధర ఎలా పెరుగుతుందో సహా రాసిచ్చే చోటు దొరికితేనే రాయ్‌పూర్ ఇల్లు అమ్మండి. లేకపోతే ఇల్లు ఉంచుకుని, చేతిలో ఉన్న డబ్బును అటెండెంటు జీతానికి దాచుకోండి. పిల్లలకు గిఫ్ట్‌డీడ్ రాయాలనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులో స్పష్టంగా రాయించండి. చూడకపోతే ఆ డీడ్‌ను రద్దు చేయించుకునే 2007 చట్టం 23వ సెక్షన్ అప్పుడే అక్కరకొస్తుంది.

రాయ్‌పూర్, భిలాయి, బిలాస్‌పూర్ తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాది సభలు ఘనంగా చేస్తున్నారు, చేయండి. వాటితోపాటు తెలుగు వచ్చిన పదిమంది అమ్మాయిలకు, అబ్బాయిలకు రోగి సంరక్షణలో శిక్షణ ఇప్పించండి. పది మంచాల నర్సింగ్ ఇల్లు ఒకటి మొదలుపెట్టండి. మన వీధిలో మంచం పట్టినవారి పేర్లు మీకు తెలుసు.