ఓపికకి ఎవరు పూచీ?

“ఓపిక పడితే డబ్బులొచ్చేస్తాయేటన్నియ్యా? అలాగైతే మా అమ్మకీపాటికి రెండు మేడలుండాల.”

మా పిన్ని కొడుకు 2023లో అన్న మాట ఇది. అప్పుడు వాడు ఉద్యోగం వెతుక్కుంటూ బెంగళూరు వచ్చి నా గదిలో ఉన్నాడు. నేను మరియా కొనికోవా ‘ది బిగ్గెస్ట్ బ్లఫ్’ చదివిన ఊపులో, రూపాయి–రెండు రూపాయల టేబుళ్ల మీద ఆన్‌లైన్ పోకర్ ఆడుతున్నాను. వాడికీ నేర్పాను. వాళ్లమ్మ, అంటే మా పిన్ని, పలాసలో జీడిపప్పు గ్రేడింగ్‌కి వెళ్తుంది. రోజంతా కూర్చుని గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తుంది. ఓపిక గురించి వాడికి పాఠం చెప్పడానికి నేనెవణ్ణి? అయినా చెప్పాను. అందుకే ఈ పుస్తకాన్ని మళ్లీ చదవాల్సి వచ్చింది.

మొదటిసారి చదివినప్పుడు చాలా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. కొనికోవా రష్యాలో పుట్టిన అమెరికన్ రచయిత్రి, సైకాలజీలో డాక్టరేట్ చేసిన మనిషి. ఇంట్లో వరసగా కష్టాలు వచ్చిపడితే, జీవితంలో మన చేతిలో ఉన్నదెంత, అదృష్టం చేతిలో ఉన్నదెంత అన్న ప్రశ్న పట్టుకుంది. దానికి పోకర్‌ని ప్రయోగశాలగా ఎంచుకుంది. పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియని దశలో ఎరిక్ సైడెల్ అనే మహా ఆటగాణ్ణి గురువుగా ఒప్పించింది. న్యూయార్క్‌లో ఆన్‌లైన్ పోకర్ కుదరదు కాబట్టి నది దాటి న్యూజెర్సీ వెళ్లి, హోబోకెన్ కాఫీ షాపుల్లో కూర్చుని చిన్న చిన్న పందేలతో సాధన చేసింది. 2018లో బహామాస్‌లో ఒక టోర్నమెంట్ గెలిచి 84 వేల డాలర్లకు పైగా సంపాదించింది. పోకర్ ఆడితే ధనవంతులైపోతారని ఎక్కడా చెప్పదు. వాక్యం కూడా హాయిగా నడుస్తుంది.

అందులోంచీ, ఇతర పోకర్ పుస్తకాల్లోంచీ నేను మా తమ్ముడికి చెప్పిన వ్యూహం చాలా సాదాది. మూడుముక్కలాటలో ప్యాక్ చేస్తామే, అదే. వచ్చిన రెండు ముక్కలూ బాగోకపోతే పడెయ్. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు పడెయ్యాల్సిందే. జత రావడం సగటున 17 సార్లకి ఒకసారి, రెండు ఆసులు రావడం 221 సార్లకి ఒకసారి. మంచి ముక్కలొస్తే మాత్రం భయపడకుండా పందెం పెంచు. టేబుల్ మీదకి 200 రూపాయలు తీసుకెళ్తే, ఖాతాలో కనీసం దానికి ఇరవై రెట్లు ఉండాలి. ఓడిన కోపంలో పెద్ద టేబుల్‌కి ఎగబాకకు. “ఇది మా అమ్మ గ్రేడింగే కదా, బాగోనివి పక్కన పెట్టడం” అన్నాడు వాడు. ఎంత తొందరగా పట్టుకున్నాడో అని మురిసిపోయాను.

నేను వాడికి చెప్పనిది లెక్క. ఇలాంటి టేబుల్ మీద బాగా ఆడేవాడు, కమీషన్ పోగా, 100 ఆటలకి 5 బిగ్ బ్లైండ్లు గెలుస్తాడనుకుందాం. బిగ్ బ్లైండ్ రెండు రూపాయలు, అంటే పది రూపాయలు. నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరిచి, ఒక్కోదాన్లో గంటకి 70 ఆటలు ఆడితే గంటకి 28 రూపాయలు. ఎనిమిది గంటలు కళ్లు ఎర్రబడేలా కూర్చుంటే 224. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు.

ఆ 224 అయినా ఏ రోజుకారోజు రాదు. వంద ఆటల్లో ఫలితం సగటుకి అటూ ఇటూ 90 బిగ్ బ్లైండ్లు ఊగుతుందనుకుని లెక్కేస్తే, పదివేల ఆటల తర్వాత కూడా ఇలాంటి మంచి ఆటగాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురు నష్టంలోనే ఉంటారు. లక్ష ఆటలు పూర్తయితే ఆ సంఖ్య వందకి నలుగురికి తగ్గుతుంది. ఓపిక ఫలిస్తుందన్న మాట అబద్ధం కాదు. లక్ష ఆటల దాకా నిలబడగలిగినవాడి విషయంలో అది నిజం. ఈలోగా ప్రతి కుండలోంచీ కంపెనీ తన కమీషన్ తీసుకుంటూనే ఉంటుంది. దానికి ఓపిక అక్కర్లేదు.

మా తమ్ముడు నాలుగు వేలతో మొదలుపెట్టాడు. రాత్రికి రెండు గంటలు, రెండు టేబుళ్లు. ఇరవై రాత్రులు చెప్పినట్టే ఆడాడు. 1,100 పోయింది. “తప్పేటి సేసినానో సెప్పన్నియ్యా” అనడిగాడు. ఆటలన్నీ వెనక్కి తిప్పి చూశాను. పెద్ద తప్పుల్లేవు. “ఇంకొన్నాళ్లు ఆగరా” అన్నాను. వాడు ఆగలేదు. గల్ఫ్ వీసాకని దాచుకున్న డబ్బుతో పది–ఇరవై రూపాయల టేబుల్‌కి వెళ్లి వారంలో 38 వేలు పోగొట్టుకున్నాడు. నాకు నెల తర్వాత తెలిసింది.

మళ్లీ చదివినప్పుడు ఒక చిన్న వివరం దగ్గర ఆగిపోయాను. కొలంబియాలో కొనికోవాకి పరిశోధన గురువు వాల్టర్ మిషెల్. పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్న ప్రయోగం ఆయనదే. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగుపడ్డారని చాలాకాలం చెప్పుకున్నారు. 2013లో మరికొందరు పరిశోధకులు దానికి ముందు ఇంకో మెట్టు పెట్టారు. కొందరు పిల్లలకి ముందుగా ఒక మాటిచ్చి తప్పారు. ఆ తర్వాత మిఠాయి పెడితే వాళ్లు చాలా తక్కువసేపు ఆగారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ల దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఆగారు. ఓపిక అనేది పిల్లాడిలో ఎంతుందో, ఎదుటివాడి మాటలోనూ అంతే ఉంది.

ఉద్దానంలో పుట్టినవాడికి ఇది ప్రయోగం చేసి చెప్పక్కర్లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు ఆగాలి. మావాళ్లు ఆగారు, తాతల నుంచీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున లేచి చూస్తే తోటలు పడుకుని ఉన్నాయి. ఇళ్లల్లో క్రియాటినిన్ అంకె బియ్యం ధరలాగా మాట్లాడుకునే ఊళ్లివి. అలాంటి చోటు నుంచి వచ్చినవాడు ఇరవై రాత్రులు ఆగాడంటే అది తక్కువ ఓపికా? కొనికోవా ఓడినా ఆమెకి పుస్తకం మిగులుతుంది. ఆడింది పుస్తకం రాయడానికే. మా తమ్ముడు ఓడితే ఓటమి ఒక్కటే మిగులుతుంది. ఆమె గెలుపులో ఈ దిండు పాత్ర ఎంతో పుస్తకం సరిగా తూచలేదన్నదే నా ఫిర్యాదు.

రెండో ఫిర్యాదు సైడెల్ మీద. దురదృష్టం వల్ల ఓడిన ఆటల కథలు నాకు చెప్పకు, నువ్వు ఎలా ఆలోచించావో అదే చెప్పు అంటాడు శిష్యురాలితో. ఆటగాడికి ఇది బంగారంలాంటి సలహా. కానీ దీన్ని జీవితానికి కూడా సూత్రం చేసుకున్నప్పుడు నాకు ఇబ్బంది. దెబ్బతిన్న కథ చెప్పకూడదంటే, టేబుల్ ఎవరు వేశారు, కమీషన్ ఎవరు తింటున్నారు అని అడిగే దారి కూడా మూసుకుపోతుంది. మా జిల్లా కథ పుట్టిందే దెబ్బతిన్న కథ చెప్పుకోవడంలోంచి. కారా మాస్టారి ‘యజ్ఞం’ అంతా ఒక అప్పు మీద పంచాయితీ. అప్పల్రాముడు ఎక్కడ తప్పు చేశాడని వెతికితే ఆ కథ అర్థం కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే, జూదం నైపుణ్యం గురించి మనకున్న గొప్ప కథ అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం. ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్ర చెట్టుని చూసి ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి మరీ చూస్తాడు. అప్పుడు అక్షహృదయం నేర్చుకుంటాడు. ఈ లెక్కే మనవాళ్లకి గుర్తు. కానీ ఈ కథ ఎప్పుడు చెప్పారో చూడండి. అన్నీ ఓడి అడవిలో ఉన్న ధర్మరాజు, నాకంటే దురదృష్టవంతుడెవడైనా ఉన్నాడా అని అడిగితే బృహదశ్వుడు చెప్పాడు. ముందు దెబ్బతిన్న కథ పూర్తిగా విన్నాడు, ఇంకో దెబ్బతిన్న కథ చెప్పాడు, ఆ తర్వాతే అక్షహృదయం ఉపదేశించాడు. నేను కథ వినకుండా నేరుగా ఉపదేశం దగ్గరికి వెళ్లిపోయాను.

ఆంధ్రప్రదేశ్ ఈ డబ్బు ఆటల్ని 2020లోనే నిషేధించింది. బెంగళూరులో ఆడే వీలు 2025 ఆగస్టులో కేంద్ర చట్టంతో పోయింది. నాకు బెంగ లేదు. కొనికోవా పుస్తకం చదవమనే చెప్తాను. ఆలోచనని ఫలితం నుంచి విడదీసి చూడటం దానిలా నేర్పిన పుస్తకం నేను ఇంకోటి చదవలేదు. కాకపోతే చదివేటప్పుడు పక్కన ఒక ప్రశ్న పెట్టుకోండి. ఆగమని చెప్తున్నవాళ్లు, మనం ఆగినన్నాళ్లూ మన ఖర్చుకి పూచీ పడుతున్నారా?

మా తమ్ముడు ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే తోటలో పేకాట నడుస్తోంది. వాడు కూర్చోలేదు. పక్కనున్న కొబ్బరి మొక్క చూపించాడు. తిత్లీ తర్వాత నాటిందట. “ఇంకా కాపు రాలేదన్నియ్యా” అన్నాడు. ఆగు అనబోయి, నోరు మూసుకున్నాను.