కుజగ్రహముపై ఉప్పునేల: ఒక వర్ణపట పరిశోధనపై విమర్శ

కుజుని వాలులపై వేసవిలో సాగి, చలికాలమున మాసిపోవు నల్లని చారలు కలవు. వీనిలో నీటితో కూడిన పెర్‌క్లోరేట్ లవణములున్నవని 2015లో ఓఝా బృందము ప్రకటించినది. కుజుని చుట్టు తిరుగు ఉపగ్రహముపైనున్న ‘క్రిజం’ పరికరము గ్రహించిన పరారుణ వర్ణపటమే వారి ఆధారము. లవణమునందలి నీరు కొన్ని కిరణములను మ్రింగగా 1.9, 2.1 మైక్రానుల వద్ద గుంటలు పడినవని వారి వాదము. పత్రికలు మరికొంత ముందుకు పోయి నీరు పారుచున్నదనియే వ్రాసినవి!

వాదము ఆకర్షణీయమే, పెర్‌క్లోరేట్ కలిసిన నీరు మిక్కిలి చలిలోగాని గడ్డకట్టదు. కాని క్రిజం చిత్రములో ఒక్కొక్క బిందువు సుమారు 18 మీటర్ల నేల. చారలలో పెక్కింటి వెడల్పు 5 మీటర్లైనను లేదు. ఆ వర్ణపటములో చారకంటె చుట్టునున్న నేల పాలే ఎక్కువ. ఇంత సన్నని సంకేతముపై అంత నిర్ణయము తొందరపాటని నా అభిప్రాయము.

వెలుగునీడలు కలియు చోట్ల, దత్తాంశమును శుద్ధిచేయు పద్ధతియే అట్టి గుంటలను పుట్టించగలదని 2018లో లీస్క్ మొదలగువారు చూపిరి. 2008లో ఫీనిక్స్ నౌక కనుగొన్న పెర్‌క్లోరేట్‌కు మాత్రము ఈ దోషము అంటదు. అచ్చట మట్టిని నీటిలో కలిపి రసాయన పరీక్ష చేసిరి.