జీలుగు చెట్టు కింద బీపీ మిషను

ఈ వారం ఫోన్లో ఒకే వీడియో పదిమంది పంపారు. కొండదారిలో ఓ ముసలాయన, భుజాన గొడ్డలి. వెనకనుంచి ఓ గొంతు: "ఈ తాత జన్మలో ఆసుపత్రి గడప తొక్కలేదు!" ఈ కాలమిస్టుకి ఒళ్ళు మండింది. గడప తొక్కకపోవడం ఆరోగ్యానికి రుజువెలా అవుతుంది?

అలాగని పాతకాలం మనిషికి రోగాల్లేవనే మాట ఈ శీర్షికకి కొత్తదీ కాదు. పంటి పోటుతో మొదలెట్టినా, మోకాలి నొప్పితో మొదలెట్టినా, చివరికి తప్పంతా 1983 నాటి ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం మీద వేయడం ఇక్కడి ఆనవాయితీ. పాత పాఠకులు నవ్వుకుని భరిస్తున్నారు. మన్యంలోని రాజవొమ్మంగి మండలం కథనీ అదే వరసలో చెప్పేయొచ్చు: చోడి అంబలి తాగి, పోడు కొండ ఎక్కి దిగిన మగాళ్ళు తెల్లన్నానికీ మోటారు సైకిలుకీ అలవాటుపడ్డారు, నలభై దాటేసరికి బీపీ, షుగరు పట్టుకున్నాయి.

వినడానికి బాగుంది. లెక్కలు మాత్రం కలిసిరావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పదిహేనేళ్ళకి ముందే, మన రాష్ట్రంతో కలిపి తొమ్మిది రాష్ట్రాల గిరిజనుల బీపీ చూశారు. మగవాళ్ళలో 27 శాతం మందికి, ఆడవాళ్ళలో 26 శాతం మందికి రక్తపోటు తేలింది. తమకి అది ఉందని ముందే తెలిసినవాళ్ళు వారిలో పదిశాతం కూడా లేరు. పొగాకుకీ మద్యానికీ దానితో ఉన్న లంకెని కూడా ఆ అధ్యయనం పట్టింది. చుట్టా కల్లూ అంబలి రోజుల్లోనూ ఉన్నవే. బీపీ మిషనే లేదు.

ఇప్పుడు మిషనుంది, మగాడు దొరకడు. ఆడమనిషి కడుపుతో ఉంటే ఏఎన్ఎం వస్తుంది, ఆశ కార్యకర్త వస్తుంది, బిడ్డ పుడితే అంగన్‌వాడీ ఉంది. మగాడు జ్వరం ముంచుకొస్తేనో కాలు విరిగితేనో తప్ప వాళ్ళ కంట పడడు. పగటిపూట 104 బండి ఊళ్ళోకొచ్చే వేళకి అతను జీడితోటలో ఉంటాడు. నొప్పి పెట్టని రోగం కోసం కూలి పోగొట్టుకోమంటే ఎవరు వింటారు?

అమెరికాలో ఇదే చిక్కుని మంగలి షాపులో విప్పారు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 52 షాపుల్లో, రక్తపోటు ఉన్న 319 మంది నల్లజాతి మగవాళ్ళతో చేసిన ప్రయోగం 2018లో అచ్చయింది. కొన్ని షాపులకి ఫార్మసిస్టే వెళ్ళి బీపీ చూసి మందులు సర్దాడు. మిగతాచోట్ల మంగలి సలహా చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆరు నెలలకి పై అంకె మొదటివాళ్ళకి సగటున 27 తగ్గింది, రెండోవాళ్ళకి 9. సలహాకీ, మనిషి కూర్చున్నచోటికే మందు చేరడానికీ అంత తేడా.

మరి రాజవొమ్మంగి మగాళ్ళు తీరిగ్గా కూర్చునేదెక్కడ? గెల కోసి కుండ కట్టిన జీలుగు చెట్టు కింద.

కల్లుని ఇన్నాళ్ళూ తిట్టిన శీర్షికలో ఈ మాట రాయడం ఇబ్బందే. పైగా 2022 ఫిబ్రవరిలో ఇదే మండలం లోదొడ్డిలో జీలుగు కల్లు తాగిన అయిదుగురు చనిపోయారు. చెట్టు కిందికి ఆరోగ్య శాఖని పంపమంటే, తాగుడుకి సర్కారు ముద్ర వేయమంటావా అని అడిగేవాళ్ళుంటారు. అడగనీ. తాగొద్దని చెప్పాలన్నా ముందు ఆ మనిషి ఎదురుగా ఉండాలి కదా. సంతలో ఓ బల్ల వేస్తే ఇంకా మేలు, అక్కడ కల్లు తాగనివాళ్ళూ దొరుకుతారు.

చిక్కల్లా కొలతతోనే. బీపీ చూసేముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, అంతకు ముందు అరగంట పొగ తాగకూడదు. కాబట్టి మొదటి కల్లు కుండ దించకముందే ఏఎన్ఎం చేరుకోవాలి. చుట్ట ముట్టించకుండా అరగంట కూర్చోమని ఆ పెద్దమనుషులకి చెప్పే పని ఎవరికి అప్పగిస్తారో మరి.